ఎడమ పక్క బురుజు

నేను పెన్సిల్ ముట్టను. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు మనశ్శాంతి. ఇన్నేళ్ళుగా బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తున్న చెయ్యి ఇది. క్రీము కోను పట్టినవాళ్ళకి పెన్సిలెక్కడిది, రబ్బరెక్కడిది? పుట్టినరోజు పిల్ల పేరులో అక్షరం తప్పు పడిందంటే దాని మీద ఓ గులాబీ వేసి మూసెయ్యాలి, అంతే. నా కేకుల మీద గులాబీలు తక్కువ. అందుకే బేకరీలో అందరూ నన్ను క్రీమక్క అంటారు, అదీ కాస్త దూరంగా నిలబడి.

కాబట్టి బొమ్మలు వెయ్యాలని బుద్ధి పుట్టినప్పుడు నేరుగా సిరా పెన్నే పట్టుకున్నాను. వేసేవన్నీ కట్టడాలే. జనం ఎక్కడెక్కణ్ణుంచో వచ్చి ముందు నిలబడి ఫోటోలు దిగే పేరున్న కట్టడాలు. మా ఆయన టూరిస్టు బస్సు డ్రైవరు. సీటు ఖాళీ ఉందంటే చాలు, "రావే, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్" అని నన్ను ఎక్కించేసేవాడు. అలా చాలా చూశాను. చూస్తూ ఒక్కటీ గీయలేదు. ఎన్నో ఏళ్ళు పోయాక, డ్యూటీ దిగి ఇంటికొచ్చి, వంటింటి బల్ల తుడిచి, కాగితం పరిచి, గుర్తున్నది గుర్తున్నట్టు గీయడం మొదలుపెట్టాను.

అబ్బ, ఆ సరదా ఏమని చెప్పను. రాయి గీస్తే మనుషులొచ్చేవాళ్ళు. ఒక పెద్ద వంతెనకి కమానులు గీస్తుంటే, ఆ వంతెన మీద మా పిల్లాడు నా ఒళ్ళో వాంతి చేసుకోవడం, వెనక సీటావిడ తన తువ్వాలు ఇచ్చి మళ్ళీ అడగకపోవడం గుర్తొచ్చాయి. ఒక రాజభవనం మెట్లు గీస్తుంటే, ఆ మెట్ల మీదే మా ఆయనతో పోట్లాడి, తిరుగు ప్రయాణమంతా బస్సులో చిట్టచివరి సీట్లో మూతి ముడుచుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. పోట్లాట దేనికో గుర్తులేదు. మెట్లు మాత్రం ఒక్కటీ తప్పిపోలేదు.

నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఉన్న కట్టడాన్ని మాత్రం గీయలేదు. అది మ్యూజియం. ఊళ్ళో అందరూ ఒంటిబురుజు అంటారు. మధ్యలో పెద్ద గుమ్మటం. దానికి చెరో పక్కా ఒక బురుజు లేపుదామనుకున్నారట. ఒకటి పూర్తయ్యేసరికి కట్టించినవాళ్ళకి ఓపిక అయిపోయింది. రెండోది మొండిగోడగా ఉండిపోయింది. ఆ వంకరే దానికి పేరు తెచ్చింది.

దాన్ని ఎందుకు గీయలేదంటే, దాని ఎదురుగానే మా నాన్న సెలూన్. అమ్మ ఆస్పత్రిలో ఆయా, సాయంత్రం దాకా రాదు. బడి వదలగానే నేను సెలూన్‌కే వెళ్ళేదాన్ని. నేను హైస్కూలు దాటకముందే నాన్న పోయాడు. ఊరందరి తలలూ అందంగా దిద్దినవాడు తను మాత్రం ఒక్క ఫోటో కూడా తీయించుకోలేదు. ఆయన మొహం ఎక్కడైనా ఉందంటే అది నా తలకాయలోనే ఉంది. ఆ కట్టడం జోలికి వెళితే ఆయన దాకా వెళ్ళాలి. అందుకే వాయిదా వేస్తూ వచ్చాను.

అలాంటిది, మ్యూజియం వాళ్ళు ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. ఒంటిబురుజునే గీయాలి, సిరాతోనే గీయాలి, చూసి గీయకూడదు, జ్ఞాపకం నుంచే గీయాలి. ఎంపికైనవి ముందు హాల్లో వేలాడదీస్తారు. చదవగానే ఇది నాకోసం పెట్టారా ఏంటి అనుకున్నాను.

ఇంక చూస్కోండి. బేకరీలో ఉన్నా మనసు వంటింటి బల్ల మీదే. గుమ్మటం గీత ఒక్క ఊపులో వచ్చింది, కేకు అంచున క్రీము తిప్పినట్టు. కిటికీల వరస మొదలుపెట్టగానే కత్తెర చప్పుడు వినిపించింది. సబ్బు నురగ వాసనొచ్చింది. బురుజు దగ్గరికొచ్చేసరికి నాన్న వేలు నా గడ్డం కింద పెట్టి, "కదలకే, చెవి తెగితే మీ అమ్మ నా చెవి తెంపుతుంది" అనడం ఎంత బాగా వినిపించిందంటే, నేను నిజంగానే కదలకుండా కూర్చుండిపోయాను. చెంప మీద పుట్టుమచ్చతో సహా మనిషి వచ్చి నిలబడ్డాడు. నేను గీస్తూ నవ్వాను, గీస్తూ ఏడ్చాను, అన్నం మాడబెట్టాను. మా ఆయన మాడిన అన్నం తింటూ బొమ్మ చూసి, "అచ్చం అలాగే ఉందే" అన్నాడు. బొమ్మ పంపించాం. ఎంపికైందని కబురొచ్చిన రోజు బేకరీలో అందరికీ నా డబ్బులతో పఫ్‌లు పెట్టాను.

ప్రదర్శనకి రెండు రోజుల ముందు ఫోనొచ్చింది. నేను ఒక పెళ్ళిరోజు కేకు మీద భార్యాభర్తల పేర్లు రాస్తున్నాను. మాట్లాడింది మ్యూజియం క్యూరేటర్, అంటే ఆ ప్రదర్శనకి పెద్ద.

"మీ బొమ్మ తీసేస్తున్నామండీ," అన్నాడాయన. చాలా మర్యాదగా అన్నాడు. "బురుజు కుడి పక్క ఉంటుంది. మీరు ఎడమ పక్క వేశారు."

"అదేంటండీ, ఎడమ పక్కే కదా ఉంటుంది."

"లేదు మేడమ్. ఇంకో మాట. జ్ఞాపకం తప్పితే ఒక కిటికీ తప్పుతుంది, ఒక స్తంభం తప్పుతుంది. మీ బొమ్మలో అవేవీ తప్పలేదు. మొత్తానికి మొత్తం తిరగబడింది. ఫోటో మీద పల్చటి కాగితం పెట్టి దిద్ది, ఆ కాగితాన్ని తిరగేసి వేస్తే ఇలా వస్తుంది. ఎంపిక చేసినప్పుడు మేమే గమనించలేదు, మాదీ పొరపాటే. కానీ చూసి గీసినవి పెట్టకూడదని నియమం. మీ పేరు కొట్టేస్తున్నాం."

"అంటే కాపీ కొట్టానంటారు."

"నేను అలా అనలేదు."

"అనలేదంటూనే అన్నారుగా."

రేపు మధ్యాహ్నం పేర్లు అచ్చుకి వెళ్ళిపోతాయని, బొమ్మ వచ్చి తీసుకెళ్ళొచ్చని చెప్పి పెట్టేశాడు. ఆ కేకు మీద ఆ రోజు భర్త పేరంతా గులాబీలే పడ్డాయి.

ఇంటికెళ్ళగానే మా ఆయన ఫోన్లో మ్యూజియం ఫోటో తీశాడు. చూశాడు. నన్ను చూశాడు. "కుడి పక్కే ఉందే," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"దాని ముందు ఎన్నిసార్లు బస్సు ఆపావు నువ్వు? బొమ్మ చూసి అచ్చం అలాగే ఉందన్నావు. నీకు తెలీదా?"

"బస్సు ఎక్కడ పెట్టాలా అని చూస్తాను గానీ, బురుజు ఎటుందో చూస్తానా?"

అదీ నిజమే. జేబులో ఉన్న నాణెం మీద తల ఎటు తిరిగి ఉంటుందో చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? కానీ నా సంగతి అది కాదు. నేను కాపీ కొట్టలేదని నాకు తెలుసు. నా భయం వేరు. బురుజు తప్పైతే, దాన్ని గీస్తుంటే వచ్చిన నాన్న కూడా తప్పేనా? ఆ గొంతు, ఆ వేలు, ఆ పుట్టుమచ్చ, అన్నీ నేనే కల్పించుకున్నానా? ఫోటో ఉంటే తీసి చూసుకునేదాన్ని. లేదే. ఉన్నదంతా జ్ఞాపకమే, అది కాస్తా పుచ్చిపోతే నాకు నాన్న లేనట్టే. మంచం మీద అటూ ఇటూ దొర్లి, తెల్లారగానే మా ఆయన బస్సెక్కాను.

మ్యూజియం ముందు దిగి తలెత్తి చూశాను. బురుజు కుడి పక్కే ఉంది, ఎవరో ఎత్తి అటు పెట్టినట్టు.

క్యూరేటర్ గారు సన్నగా, కళ్ళ కింద చారలతో, నిద్ర చాలని మనిషిలా ఉన్నారు. బొమ్మని అట్టముక్కల మధ్య పెట్టి జాగ్రత్తగా చేతికిచ్చారు. "చెయ్యి మాత్రం చాలా బాగుందండీ," అన్నారు. ఆ ఓదార్పుకి నా ఒళ్ళు మండింది. ఇంకొక్క నిమిషం అక్కడుంటే ఏమనేస్తానో అని బయటపడ్డాను.

సెలూన్ ఇప్పుడు మా అన్నయ్యది. మ్యూజియంకి ఎదురుగానే అని చెప్పాను కదా, ఇప్పుడు ఎదురుగా లేదు. మధ్యలో ఉన్న ఖాళీ స్థలంలో కార్లు పెట్టుకునే అంతస్తుల బిల్డింగు లేచింది. దాని వెనక సందులోంచి తిరిగి వెళ్ళాలి. పండక్కో పబ్బానికో అన్నయ్యే మా ఇంటికొస్తాడు గానీ, నేను ఈ సెలూన్‌లో అడుగుపెట్టి ఏళ్ళయింది. లోపల అంతా అలాగే ఉంది. రెండు కుర్చీలు, గోడ పొడుగునా ఒకటే పెద్ద అద్దం. బేరం లేదు. అన్నయ్య దువ్వెనలు కడుగుతున్నాడు.

"ఏంటే, మొహం అలా పెట్టావు? కేకు కింద పడేశావా?"

జరిగిందంతా కక్కేశాను. మా అన్నయ్యకి నా బొమ్మలంటే మొదట్నుంచీ చిన్నచూపు. పనీపాటా లేక గీసుకుంటుంది అంటాడు. చెయ్యి తుడుచుకుంటూ అంతా విని, "నువ్వెప్పుడూ అంతే," అన్నాడు. "నాన్న పుట్టుమచ్చ కూడా ఎడమ చెంప మీదని వాదిస్తావు. కుడి చెంప మీద ఉంటే."

"ఎడమే. నాకు కళ్ళకి కట్టినట్టు ఉంది."

"రోజంతా ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నవాణ్ణి నేనా, నువ్వా? ఆయన మొహంలోకి చూస్తూ తిట్లు తిన్నవాణ్ణి నేను. నువ్వేమో ఈ కుర్చీలో రాణీగారిలా కూర్చునేదానివి."

కోపంతో ఆ కుర్చీలోనే కూలబడ్డాను. ఎదురుగా అద్దంలో నా వెనక అన్నయ్య నిలబడి ఉన్నాడు. వాడి షర్టు జేబు అటు పక్క ఉండాల్సింది ఇటు పక్క ఉంది.

నేను ఆ జేబునే చూస్తూ ఉండిపోయాను. తర్వాత కుర్చీలోంచి ఎలా లేచానో నాకే తెలీదు. అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను.

"ఒరేయ్ అన్నయ్యా, నేను కుర్చీలో కూర్చునేదాన్నిరా. నాన్న నా వెనక నిలబడేవాడు. ఆయన్ని అద్దంలో చూశాను నేను. పుట్టుమచ్చనీ అద్దంలోనే చూశాను, నా వెనక తలుపులోంచి కనిపించే ఒంటిబురుజునీ అద్దంలోనే చూశాను. నాకు తప్పు గుర్తులేదు. నాకు అద్దం గుర్తుంది."

నేను బొమ్మ అక్కడే పడేసి వీధిలోకి పరిగెత్తాను. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, సందు తిరిగి, ఆ దిక్కుమాలిన బిల్డింగు చుట్టూ, రోడ్డు దాటి, మ్యూజియం మెట్లు ఎక్కి. ఎంత సంతోషంగా ఉందంటే దారిలో ఇద్దర్ని గుద్దేసి, క్షమించమని వెనక్కి తిరక్కుండానే అరిచాను. నాన్న నిజం. గొంతూ నిజమే, వేలూ నిజమే. ఇంక ఆ పెద్దమనిషికి కూడా ఇది తెలియాలి.

క్యూరేటర్ గారు చేతిలో కాగితాలతో ఉన్నారు. "మేడమ్, పేర్లు అచ్చుకి పంపే టైమైంది," అన్నారు.

"మీకు ఎదురుగానే సెలూన్ ఉంది. రేపోమాపో ఎలాగూ కటింగు చేయించుకోవాలి మీరు. వచ్చి కూర్చోండి. కూర్చున్నాక కూడా నేను కాపీ కొట్టాననిపిస్తే, మీ చేత్తోనే నా పేరు కొట్టెయ్యండి."

ఆయన తల తడుముకున్నారు. నన్ను వదిలించుకోవడానికి అదే దగ్గరి దారి అనుకున్నారో ఏమో, వచ్చారు.

మేం వెళ్ళేసరికి ఒక కుర్చీలో లెక్కల మాస్టారు ఉన్నారు. బళ్ళో నాకు లెక్కలు చెప్పినాయనే, ఇప్పుడు బాగా పెద్దవారైపోయారు. కుర్చీ వెనక్కి వాల్చి, మొహమంతా వేడి తువ్వాలు చుట్టుకుని, దాని కిందనుంచి గురక పెడుతున్నారు. కళ్ళజోడు తీసి దువ్వెనల పక్కన పెట్టి ఉంది. క్యూరేటర్ గారిని రెండో కుర్చీలో కూర్చోబెట్టాను. కుర్చీలో మనిషి పడితే అన్నయ్య చెయ్యి ఆగదు, అలవాటుగా ఆయన మెడకి తెల్లగుడ్డ కట్టేశాడు.

"చూడండి," అన్నాను. "అద్దంలో చూడండి, మీ వెనక తలుపులోంచి."

ఆయన చూశారు. నేనూ చూశాను. తలుపులోంచి కనిపించేది అంతస్తుల సిమెంటు గోడ, దాని మీద వరసగా కార్ల ముక్కులు. అంతే. ఒంటిబురుజు లేదు, గుమ్మటం లేదు, ఆకాశం కూడా పెద్దగా లేదు. ఆ హడావుడిలో నేను ఈ సంగతే మర్చిపోయాను. పొద్దుట్నుంచీ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను కదా, అయినా తట్టలేదు.

"ఆ బిల్డింగు లేనప్పుడు కనిపించేదండీ," అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది. "ఇక్కడ, సరిగ్గా ఇక్కడ." బల్ల మీద నుంచి నా బొమ్మ తీసి, రెండు కుర్చీలకీ మధ్య, అద్దానికి ఆనించి నిలబెట్టాను. "ఇదుగో, ఇంత ఉండేది. ఇలా ఉండేది."

ఆయన బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూశారు. చెడ్డమనిషి కాదు. "నాకు నమ్మాలనే ఉందండీ," అన్నారు మెల్లగా. "అద్దంలో తిరగబడుతుంది, నిజమే. కానీ రేపు ఎవరైనా అడిగితే నేనేం చూపించను? గోడ తప్ప ఏం లేదు కదా ఇక్కడ."

అన్నయ్య నా వంక చూడలేక మాస్టారి వైపు తిరిగి, మొహం మీది తువ్వాలు తీశాడు. కుర్చీ పైకి లేపాడు. మాస్టారు గురక ఆపి, రెండుసార్లు దగ్గి, కళ్ళు చికిలించి ఎదురుగా చూశారు. చూసి, ఇంకాస్త ముందుకి వంగారు.

"ఏమోయ్," అన్నారు నిద్రగొంతుతో, "ఆ కార్ల బిల్డింగు ఎప్పుడు కొట్టేశారు?"

అన్నయ్య చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. క్యూరేటర్ గారు మెడకి గుడ్డతోనే అటు తిరిగారు.

"మీకేం కనిపిస్తోందండీ?"

"ఏం కనిపించడమేంటి బాబూ, ఒంటిబురుజు. ఎడమ పక్క బురుజు, అటు పక్క మొండిగోడ. వీళ్ళ నాన్న నా గడ్డం గీసే రోజుల్నుంచీ ఈ కుర్చీలోంచి చూస్తున్నదే కదా. మధ్యలో ఆ శని అడ్డొచ్చింది గానీ."

"బయట నుంచి చూస్తే కుడి పక్క కదండీ?"

"బయట సంగతి నాకెందుకు? ఇక్కణ్ణుంచి ఎడమే."

క్యూరేటర్ గారు మాస్టారు చూస్తున్న వైపు, అద్దానికి ఆనించిన నా బొమ్మని చూశారు. తర్వాత గుడ్డ కింద జేబు వెతుక్కుని, ఫోను బయటికి తీసి, ఎవరితోనో అన్నారు. "ఆ పేరు కొట్టెయ్యొద్దు. అవును, ఎడమ పక్కే. తెలుసు నాకు. అలాగే వేలాడదీయండి, కింద ఏం రాయాలో నేనొచ్చి చెప్తాను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నవ్వూ వచ్చింది, అదీ దాచుకోలేదు. ముక్కు చీదుకోవడానికి ఏమీ దొరక్క క్యూరేటర్ గారి మెడకి కట్టిన గుడ్డ కొసే వాడుకున్నాను.

అన్నయ్య బొమ్మనే చూస్తున్నాడు. నా బొమ్మల్లో ఒక్కదాన్ని కూడా అంతసేపు చూడలేదు వాడు. గుమ్మటం చూశాడు, కిటికీలు చూశాడు, బురుజు దగ్గర ఆగిపోయాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"అడుగుతుంటే ఒక్కరూ చెప్పరేం?" అన్నారు మాస్టారు, బల్ల మీద కళ్ళజోడు కోసం తడుముకుంటూ. "ఎప్పుడు కొట్టేశారోయ్ దాన్ని?"

అన్నయ్య కళ్ళజోడుని ఆయన చేతికి అందకుండా కాస్త పక్కకి జరిపాడు.

"ఇందాకే మాస్టారూ," అన్నాడు. "మా చెల్లెలు కొట్టేసింది."